ఎన్‌సీసీ డ్రిల్ రైఫిల్ చెక్కకు రాగి తీగ ఎందుకు చుట్టారు? త్రీ నాట్ త్రీ గురించి తెలిసినవాళ్లు చెప్పండి

పద్మావతిపురం_క్యాడెట్

అందరికీ నమస్తే. తిరుపతిలో డిగ్రీ చదువుతున్నాను, ఎన్‌సీసీలో ఉన్నాను. ఆగస్టు 15 పరేడ్ ప్రాక్టీసు కోసం మాకు కోత్ (ఆయుధాల గది) నుంచి పాత రైఫిళ్లు ఇస్తున్నారు. త్రీ నాట్ త్రీ (303) డీపీ అంటారు, డీపీ అంటే డ్రిల్ పర్పస్. డ్రిల్‌కి మాత్రమే, కాల్చడానికి పనికిరావు. బరువు మాత్రం పూర్తి బరువే, దగ్గర దగ్గర నాలుగు కిలోలు. ఎండలో గంటసేపు బగల్ శస్త్ర, బాజూ శస్త్ర (రైఫిల్ ఎత్తి దించే డ్రిల్) చేశాక ఇంటికొచ్చి జడ వేసుకోవడానికి కూడా చెయ్యి పైకి లేవడం లేదు.

నాకు వచ్చిన రైఫిల్‌కి బోల్ట్ (తూటాని లోపలికి తోసి మూసే ఇనుప కడ్డీ) పిడి కింద ఇనుప పట్టీ మీద కిరీటం బొమ్మ, జీఆర్ఐ అనే అక్షరాలు, ఇషాపూర్, 1943 అని చెక్కి ఉన్నాయి. అంటే మా జేజినాయన కంటే పెద్దది! ముందువైపు చెక్క చుట్టూ రాగి తీగ వరుసలు వరుసలుగా బిగించి, మధ్య మధ్యలో టంకం వేశారు. పక్క అమ్మాయి రైఫిల్‌కి ఇది లేదు. చెక్క పగిలితే రిపేరు చేశారేమో అనుకున్నా. డ్రిల్ నేర్పే స్టాఫ్‌ని అడిగితే "ముందు కదం సరిగా కలుపు, తీగ సంగతి తరవాత" అన్నారు.

ఆ తీగ ఎందుకు? మంగళ్ పాండే కాలంలో గొడవ జరిగిన ఎన్‌ఫీల్డ్ తుపాకీ ఇదేనా? అసలు 1943 నాటి తుపాకీ ఇంకా మన చేతుల్లోకి ఎలా వచ్చింది?

లీలామహల్_బులెట్

చెల్లీ, అదే ఇది. ఎన్‌ఫీల్డ్ అంటే ఒకటే కంపెనీ. ముందు తుపాకులు చేశారు, తరవాత బులెట్ బండి చేశారు. "తుపాకీలా తయారైంది" అని వాళ్ల నినాదం, కంపెనీ గుర్తులో ఫిరంగి ఉంటుంది చూడు. మంగళ్ పాండే గారు కొవ్వు పూసిన తూటా కొరకను అన్నది ఈ తుపాకీ గురించే. తీగ అంటావా, బ్యారెల్ వేడెక్కి చెయ్యి కాలకుండా అయ్యుంటుంది. నా బండికి సైలెన్సర్ మీద కూడా అట్లాంటిదే చుట్టించా, లుక్ అదిరింది.

గ్రీమ్స్‌పేట_ఆర్మరర్

క్యాడెట్ తల్లీ, నేను పోలీసు శాఖలో ఆర్మరర్‌గా, అంటే ఆయుధాలు బాగుచేసేవాడిగా చేసి రిటైరయినవాణ్ణి. ఇప్పుడు చిత్తూరులో ఉంటున్నా. మీరు కోత్ అంటారు, మేం బెల్ ఆఫ్ ఆర్మ్స్ అంటాం. ఉద్యోగంలో సగం కాలం ఆ గదిలో, రైఫిల్ ఆయిల్ వాసనలోనే గడిచింది. నా చేతుల్లో విప్పి బిగించినవాటిలో ఎక్కువ ఈ త్రీ నాట్ త్రీలే. కొంచెం పెద్దగానే రాస్తా, ఓపిగ్గా చదువు.

ముందు తీగ. బులెట్ తమ్ముడు చెప్పినట్టు వేడికి కాదు, నువ్వు అనుకున్నట్టు రిపేరూ కాదు. నీ రైఫిల్ ఒకప్పుడు గ్రెనేడ్లు విసరడానికి కేటాయించింది. మూతి దగ్గర ఇనుప గిన్నెలాంటిది బిగించి, అందులో 36 నంబరు గ్రెనేడ్ పెట్టి, బుల్లెట్ లేని ఖాళీ మందు తూటాతో దాన్ని వదిలేవాళ్లు. చేత్తో విసిరితే ముప్పై గజాలు పోయేది ఇలా వంద గజాలు దాటుతుంది. కానీ ఆ తన్నుకు చెక్క చీలిపోతుంది. అందుకని ముందే తీగ చుట్టి టంకం వేసేవారు. ఒకసారి గ్రెనేడ్ పనికి పెట్టిన రైఫిల్‌ని మళ్లీ గురి చూసి కాల్చే పనికి వాడరు. డ్రిల్ రైఫిళ్లలో తీగ చుట్టినవి కనిపించడానికి అదొక కారణం.

ఇంకొకటి వెతుకు. మ్యాగజైన్‌కి (తూటాల పెట్టెకి) కాస్త ముందు, చెక్కకు అడ్డంగా ఒక స్క్రూ ఇటు నుంచి అటు దూరి ఉంటుంది. ఇంగ్లండులో చేసినవాటికి అది ఉండదు. మన దేశపు వేడికి, వానకి చెక్క విచ్చుకోకుండా ఇషాపూర్ వాళ్లు పెట్టుకున్న ఏర్పాటు అది. అక్షరాలు అరిగిపోయిన రైఫిల్‌ని చూపించి ఇది ఎక్కడిది అని అడిగితే, మేం ముందు చూసేది ఆ స్క్రూనే.

రెండోది, మంగళ్ పాండే సంగతి. తమ్ముడూ, రెండూ ఎన్‌ఫీల్డే గానీ మధ్యలో యాభై ఏళ్ల తేడా ఉంది. 1857లో గొడవ జరిగింది 1853 నమూనా ఎన్‌ఫీల్డ్ మీద. అది మన పల్లెల్లో అడవి పందుల కోసం దాచుకునే నాటు తుపాకీ మాదిరే మూతి నుంచి మందు కూరేది. కాగితం పొట్లం కొరికి, మందు పోసి, గుండు దిగ్గొట్టాలి. ఆ పొట్లానికి పూసిన కొవ్వు గురించే అంత జరిగింది. క్యాడెట్ చేతిలో ఉన్నది లీ ఎన్‌ఫీల్డ్. దీనికి కొరికే పనే లేదు, ఇత్తడి తూటా. లండన్‌కి ఉత్తరాన ఎన్‌ఫీల్డ్ అనే ఊళ్లో ప్రభుత్వ ఆయుధ కర్మాగారం ఉండేది. రెండింటికీ ఆ ఊరి పేరే వచ్చింది. బండి కంపెనీ వేరే ఊరిది, రెడ్డిచ్. ఈ కర్మాగారానికి విడిభాగాలు సరఫరా చేసే కాంట్రాక్టు దొరికిందన్న సంతోషంతో ఆ పేరు తగిలించుకున్నారు. 1955లో మద్రాసులో బులెట్లు బిగించడం మొదలుపెట్టారు. రైఫిలూ చేసి బండీ చేసిన కంపెనీ కావాలంటే అది బీఎస్ఏ, బర్మింగ్‌హామ్‌ది. మూడు రైఫిళ్లు ఒకదానికొకటి ఆనించి నిలబెట్టిన బొమ్మ వాళ్ల గుర్తు. మన చిన్నప్పటి బీఎస్ఏ సైకిలు ఆ పేరుతో వచ్చిందే.

ఇక ఈ రైఫిల్ పుట్టుక. జేమ్స్ ప్యారిస్ లీ అని స్కాట్లండులో పుట్టి, కెనడాలో పెరిగి, అమెరికాలో స్థిరపడినాయన. కింద తగిలించే పెట్టె మ్యాగజైన్, వెనక నుంచి తాళం పడే బోల్ట్, ఈ రెండూ ఆయన చలవ. 1888లో బ్రిటిష్ సైన్యం దాన్ని లీ మెట్‌ఫోర్డ్ పేరుతో తీసుకుంది. అప్పటికింకా నల్లమందు తూటాలు. పొగరాని కార్డైట్ మందు వచ్చాక దాని వేడికి మెట్‌ఫోర్డ్ బ్యారెల్ లోపలి గాళ్లు (తూటా తిరుగుతూ వెళ్లడానికి చెక్కే గాడులు) త్వరగా అరిగిపోయాయి. 1895లో లోతైన ఎన్‌ఫీల్డ్ గాళ్లు వేశారు. అలా లీ ఎన్‌ఫీల్డ్ అయింది. దక్షిణాఫ్రికాలో బోయర్లు (అక్కడ స్థిరపడిన డచ్చి సంతతివాళ్లు) జర్మన్ మౌజర్లతో బ్రిటిష్ వాళ్లకు చుక్కలు చూపించారు. బోయర్లు క్లిప్పుతో ఒక్క నొక్కుడుకి ఐదు తూటాలు నింపుతుంటే వీళ్లు ఒక్కొక్కటే పెట్టుకుంటూ కూర్చున్నారు. ఆ దెబ్బతో వీళ్లూ క్లిప్పు పెట్టుకున్నారు, పొడవు తగ్గించారు, గుర్రపు దళానికీ కాల్బలానికీ ఒకటే రైఫిల్ చేశారు. 1907లో మార్క్ 3 వచ్చింది. మొదటి ప్రపంచ యుద్ధం మధ్యలో తయారీ తొందరపడాలని కొన్ని భాగాలు తీసేసి మార్క్ 3 స్టార్ చేశారు. నీ చేతిలో ఉన్నది అదే నమూనా.

దీని గొప్పంతా బోల్ట్‌లో ఉంది. డీపీ రైఫిల్ మీద కూడా లాగి చూడొచ్చు, స్టాఫ్ అనుమతితో. పిడి కొంచెమే పైకి లేస్తుంది. పైగా వేలికి దగ్గరగా, ట్రిగ్గర్ పక్కనే ఉంటుంది. మౌజర్‌లో పిడి ఇంకా ఎక్కువ తిరగాలి. స్ప్రింగు బిగుసుకునేది కూడా బోల్ట్ ముందుకు తోసేటప్పుడు, అంటే చెయ్యి బలంగా కదిలే వైపు. పైగా పది తూటాల మ్యాగజైన్, అవతల మౌజర్‌కి ఐదే. నిమిషంలో 300 గజాల దూరంలోని గురికి 15 తూటాలు తగలాలని బ్రిటిష్ సైనికుడికి పరీక్ష ఉండేది. అంతకు మించి కాల్చేవాళ్లు చాలామంది ఉండేవాళ్లు. 1914 ఆగస్టు 23న బెల్జియంలో మోన్స్ దగ్గర ఆ కాల్పులు చూసి జర్మన్లు అవతల మెషిన్ గన్నులు వరసగా పెట్టారనుకున్నారని చెబుతారు.

మన దగ్గరికి వద్దాం. బెంగాల్లో ఇషాపూర్ రైఫిల్ ఫ్యాక్టరీ ఉంది. మంగళ్ పాండే బ్యారక్‌పూర్ ఉన్న సబ్‌డివిజన్‌లోనే, ఆ చుట్టుపక్కలే. మొదటి యుద్ధానికి ముందే అక్కడ ఈ రైఫిళ్లు మొదలయ్యాయి. రెండో యుద్ధంలో రాత్రీ పగలూ చేశారు, నీ 1943 అప్పటిదే. స్వాతంత్ర్యం వచ్చాక కిరీటం పోయి మూడు సింహాల ముద్ర వచ్చింది గానీ రైఫిల్ మారలేదు. డమ్‌డమ్ కూడా ఆ దగ్గర్లోదే. కలకత్తా విమానాశ్రయం ఉన్న ఊరు. 1890లలో అక్కడి ఆయుధశాలలో ఇదే 303 తూటా ముక్కు మెత్తగా వదిలేసి, ఒంట్లోకి దిగాక విచ్చుకునేలా చేశారు. 1899లో హేగ్ సమావేశం అలాంటి తూటాల్ని నిషేధించింది. తరవాత 1910లో వచ్చిన మార్క్ 7 తూటా బయటికి మామూలు కోసుగా ఉంటుంది. లోపల ముక్కు భాగంలో సీసం బదులు తేలికైన అల్యూమినియం. ఒంట్లోకి వెళ్లగానే తలకిందులవుతుంది. చట్టం అక్షరాలు పాటించినట్టే, పని మాత్రం ఆగలేదు. తెల్లవాడి తెలివి అని మా పాత ఇన్‌స్ట్రక్టరు ఒకాయన నవ్వేవాడు. నాకెప్పుడూ నవ్వు రాలేదు.

నేను చేరిన రోజుల్లో గార్డు డ్యూటీ వాళ్ల చేతుల్లో ఇంకా 410 మస్కెట్లు ఉండేవి. పైకి చూస్తే అచ్చం త్రీ నాట్ త్రీ. మ్యాగజైన్ ఉండాల్సిన చోట చెక్క దిమ్మ, ఒకసారికి ఒకటే తూటా. బ్యారెల్ లోపల నున్నగా ఉంటుంది, గాళ్లు ఉండవు. నేటివ్ పోలీసు చేతికి పూర్తి రైఫిల్ ఇవ్వడానికి తెల్లదొరకి మనసొప్పక చేయించినవి. దొర పోయాక కూడా అవి మన స్టేషన్లలో చాలాకాలం ఉన్నాయి.

ఆర్మరర్ పని గురించి అడగలేదు గానీ చెబుతా. ప్రతి రైఫిల్ బోల్ట్ మీదా, బాడీ మీదా ఒకే నంబరు ఉండాలి. ఒకదాని బోల్ట్ ఇంకోదానికి పడుతుంది, కానీ తూటా అడుగుకీ బోల్ట్ ముఖానికీ మధ్య సందు తేడా వస్తుంది. సందు ఎక్కువైతే తూటా చీలి గ్యాస్ ముఖం మీదికి కొడుతుంది. ఫైరింగ్ అయ్యాక కుర్రాళ్లు వరసగా కూర్చుని బోల్ట్‌లు తీసి, ఒకే గోనె పట్టా మీద పెట్టి తుడిచేవాళ్లు. కబుర్లలో పడి ఎవడిది ఎవడు తీసుకున్నాడో ఎవడికీ తెలియదు. రాత్రి లైట్లు పెట్టుకుని నేను నంబర్లు కలుపుకోవాలి. పాత తూటాల క్యాపు మందులో ఉప్పు గుణం ఉండేది, మర్నాటికల్లా బ్యారెల్‌ని తుప్పు తినేస్తుంది. అందుకే కాల్చిన వెంటనే గరాటు పెట్టి మరిగే నీళ్లు పోయాలి. పుల్‌త్రూ తాడుకు ఫ్లానెల్ గుడ్డ కట్టి ఆరేదాకా లాగాలి, తరవాత నూనె. ఆ తాడూ, నూనె సీసా బట్టు (భుజానికి ఆనించే వెనక చెక్క) చివర ఇత్తడి మూత కింద అరలో ఉంటాయి. నీ రైఫిల్ మూత తెరిచి చూడు, లోపల బహుశా పాత చాక్లెట్ కాగితాలు దొరుకుతాయి.

తూటాలకి అడుగున అంచు ఉంటుంది కదా, అదొక తలనొప్పి. పైతూటా అంచు కిందితూటా అంచుకి వెనకాల పడితే బోల్ట్ తోసినప్పుడు రెండూ చిక్కుకుంటాయి. క్లిప్పు లేకుండా చేత్తో నింపేవాళ్లకి రేంజిలో ఇది మామూలే. డీఐజీ గారి ముందు ఒక కానిస్టేబుల్‌కి ఇలా ఇరుక్కుంటే చెమటలు ధారగా కారాయి పాపం.

చివరికి ఒక మాట. నేను ఇంతసేపు పొగిడిన బోల్ట్ ఎక్కడ ఎలా వాడారో కూడా తెలుసుకో. 1919 ఏప్రిల్ 13, జలియన్‌వాలాబాగ్. డయ్యర్ వెంట కాల్చింది 50 మంది సిపాయిలు, చేతుల్లో ఈ 303లు. దాదాపు పది నిమిషాలు, 1650 తూటాలు. తలకి 33. ఆర్మరర్‌గా ఆ లెక్క వేసి చూడు. నిమిషానికి మూడు చిల్లర. పదిహేను కాల్చగల రైఫిల్‌తో మూడు కాల్చారంటే అది కంగారులో జరిగిన కాల్పు కాదు. ఆగి, గురి చూసి, కాల్చినది. మ్యాగజైన్ పది కాబట్టి ఒక్కొక్కడూ తక్కువలో తక్కువ మూడుసార్లు మళ్లీ నింపుకున్నాడు. సర్కారు లెక్కలోనే 379 మంది చనిపోయారు. మోన్స్ గురించి గొప్పగా చెప్పే బ్రిటిష్ పుస్తకాలు ఈ రెండింటినీ ఒక పేజీలో పెట్టవు.

లీలామహల్_బులెట్

పెద్దాయనా, దండం. ఆ 33 లెక్క చదివి కాసేపు ఫోన్ పక్కన పెట్టేశా. సైలెన్సర్ తీగ మాత్రం ఉంచుకుంటా.

మదనపల్లె_ఫౌజీ

ఆర్మరర్ అన్నా, రాసింది బాగుంది. కానీ మీరు పోలీసు కోణంలో చూస్తున్నారు. మా వైపు నుంచి ఒక మాట. మోన్స్ 1914. ఈ రైఫిల్‌ని మన జవాన్ల చేతికిచ్చి 1962లో హిమాలయాలకి పంపారు. అవతల చైనా వాళ్ల దగ్గర బోల్ట్ లాగే పనిలేని సెమీ ఆటోమేటిక్ తుపాకులు, ఆటోమేటిక్‌లు. రెజాంగ్ లాలో నవంబరు 18న 13 కుమావ్ చార్లీ కంపెనీ, దాదాపు 120 మంది, మేజర్ షైతాన్ సింగ్ ఆధ్వర్యంలో వీటితోనే నిలబడ్డారు. నూట పదిమందికి పైగా అక్కడే పోయారు. పదహారు వేల అడుగుల పైన, ఆ చలిలో వేళ్లు కొంకర్లు పోతుంటే ఒక్కో తూటాకీ బోల్ట్ ఎత్తి, లాగి, తోసి, దించాలి. బ్రిటిష్ వాళ్లే 1957లో దీన్ని పక్కన పెట్టి ఎస్ఎల్ఆర్‌కి (తనే తూటా ఎక్కించుకునే సెల్ఫ్ లోడింగ్ రైఫిల్‌కి) మారారు. మనకి ఎస్ఎల్ఆర్ వచ్చింది ఆ దెబ్బ తిన్న తరవాత.

నేను సర్వీసులో చేరేసరికి ఎస్ఎల్ఆర్ కూడా పోయి ఇన్సాస్ (మన దేశంలో చేసిన రైఫిల్) వచ్చింది. ట్రైనింగ్ సెంటర్లో ఒక్కసారి 303 కాల్పించారు. భుజం మీద తన్నింది ఇప్పటికీ గుర్తుంది. గురి మాత్రం ఎంత బాగా కుదురుతుందో, అది ఒప్పుకుంటా. మంచి రైఫిలే, కాదనను. కానీ దాన్ని యాభై ఏళ్ల తరవాత కూడా ముందు వరసలో పెట్టడాన్ని ఎవరూ పొగడకూడదు.

పద్మావతిపురం_క్యాడెట్

ఆర్మరర్ తాతగారూ, చాలా చాలా థ్యాంక్స్. అడ్డం స్క్రూ దొరికింది! బట్టు మూత తెరిస్తే చాక్లెట్ కాగితం కాదు, ఎవరో దాచుకున్న పరీక్ష స్లిప్పు ఉంది, ఎకనామిక్స్. బట్టు పైన ఎస్ అనే అక్షరం కూడా ఉంది. అదేంటి?

ఫౌజీ అన్నా, రెజాంగ్ లా గురించి మా క్లాసులో చెప్పారు గానీ చేతిలో ఏ తుపాకీ ఉందో చెప్పలేదు. ఇంకో డౌటు. సైన్యం వదిలేశాక కూడా పోలీసుల దగ్గర ఇన్నేళ్లు ఎందుకుంది? డబ్బు లేకనా?

గ్రీమ్స్‌పేట_ఆర్మరర్

ఎస్ అంటే పొట్టి బట్టు తల్లీ. మనిషి చెయ్యి పొడవుని బట్టి బట్టులు వేరువేరు సైజుల్లో చేసేవారు. ఎల్ పొడవు, ఎన్ మామూలు, ఎస్ పొట్టి, ఇంకా పొట్టివాళ్లకి బీ. నీకు ఎస్ రావడం నీ అదృష్టం. మీ వరసలో ఎల్ వచ్చిన అమ్మాయి ఎవరో ఉంటే పాపం ఆమె బాధ అడుగు.

ఫౌజీ తమ్ముడి మాటకి నేను అడ్డం చెప్పను. 1962 తరవాతే ఇషాపూర్‌లో ఇదే లీ ఎన్‌ఫీల్డ్‌ని కొత్త 7.62 తూటాకి తగ్గట్టు గట్టి ఉక్కుతో చేశారు, 2ఏ, 2ఏ1 అని. మ్యాగజైన్ కాస్త నలుచదరంగా ఉంటుంది, చూడగానే తెలుస్తుంది. ఎస్ఎల్ఆర్‌లు సరిపడా వచ్చేదాకా గడవడానికి చేసినవి. సైన్యం నుంచి దిగి అవీ పోలీసుల దగ్గరికే వచ్చాయి. మా దగ్గరికి ఏదైనా అలాగే వస్తుంది, అన్న విడిచిన చొక్కా తమ్ముడికి వచ్చినట్టు.

ఎందుకుంది అంటే, డబ్బు ఒక కారణం. వేల రైఫిళ్లు మార్చాలంటే తూటాలు, స్పేర్లు, ట్రైనింగు, అన్నీ మార్చాలి. ఇంకో కారణం, ఇది చెడిపోదు. తలకోన వైపు వానలో కూంబింగ్‌కి పోయి వచ్చినా, బురదలో పడినా, బోల్ట్ తీసి తుడిచి పెడితే మర్నాడు పనిచేస్తుంది. భాగాలు తక్కువ, ఖాళీలు వదులు. ప్రపంచం మొత్తం మీద కోటీ డెబ్భై లక్షల దాకా చేశారని అంచనా. అఫ్గానిస్తాన్లో 1980లలో రష్యా వాళ్ల మీద ముజాహిదీన్లు వీటినే పట్టుకున్నారు. పెషావర్ దగ్గర దర్రా ఆదంఖేల్ అనే ఊళ్లో చేత్తో రాకుతూ నకళ్లు చేస్తారు, ముద్రలతో సహా. కెనడాలో ఉత్తర ధ్రువం వైపు కాపలా తిరిగే రేంజర్లు, ధ్రువపు ఎలుగుబంట్లు తిరిగే చోట, దీని తరవాతి నమూనాని మొన్న మొన్నటిదాకా వాడారు. ఆ చలిలో కొత్త తుపాకులు మొరాయించినా ఇది మొరాయించదని నమ్మకం.

మూడో కారణం చెబుతా. ఇది కాగితాల మీద ఉండదు. మా పాత ఆర్ఐ (రిజర్వ్ ఇన్‌స్పెక్టర్) ఒకాయన అనేవాడు, పోలీసుకి నెమ్మది తుపాకీయే మంచిది, ఒక తూటా పేలాక బోల్ట్ లాగేలోపు మనిషికి ఆలోచన వస్తుంది, ఆటోమేటిక్ ఇస్తే వేలు తియ్యడం మరిచిపోతాడు అని. ఎలక్షన్ డ్యూటీల్లో, పుంగనూరు వైపు గొడవల్లో, నేను కూడా కుర్రాళ్లకి ఇదే చెప్పేవాణ్ణి. వినడానికి బాగుంటుంది. కానీ పైన రాసిన 33 లెక్క ఆ మాటని నిలబడనివ్వదు. ఆ యాభై మందికీ తూటాకీ తూటాకీ మధ్య పదిహేను, ఇరవై సెకన్ల వ్యవధి దొరికింది. ఆలోచన రాలేదు, లేదా వచ్చినా ఆర్డరు దాన్ని మింగేసింది. ఆర్డరిచ్చేవాడు ఎలాంటివాడన్న దాని మీదే అంతా ఉంటుంది, బోల్ట్ మీద కాదు. రిటైరయ్యాక ఖాళీగా కూర్చుని జలియన్‌వాలాబాగ్ గురించి చదువుతుంటే నాకు ఇది తట్టింది.

రెండో వైపు కూడా చూడు. 2008 నవంబరు 26 రాత్రి ముంబయి సీఎస్‌టీ స్టేషన్లో ఏకే 47లతో వచ్చినవాళ్ల ముందు మన రైల్వే పోలీసుల దగ్గర ఉన్నది లాఠీలూ ఈ త్రీ నాట్ త్రీలే. వాటితోనే తిరిగి కాల్చినవాళ్లు కూడా ఉన్నారు. ధైర్యానికి లోటు లేదు, చేతిలో ఉన్నది మాత్రం తాతల కాలం నమూనా. ఆ తరవాత చాలా రాష్ట్రాల్లో మార్పు తొందరపడింది. ఉత్తరప్రదేశ్ పోలీసులు 2020 జనవరి 26 పరేడ్‌తో దీనికి లాంఛనంగా వీడ్కోలు చెప్పారు. టీవీలో అది చూస్తే నాకు బాధ కలగలేదు తల్లీ. ఆ కుర్రాళ్ల చేతికి సరైనది వచ్చిందిలే అనిపించింది. రైఫిల్ మీద ప్రేమ ఉన్నది నాకు. దాన్ని మోసుకుని గొడవలోకి వెళ్లేవాడికి ఆ ప్రేమతో పనిలేదు.

పలమనేరు_రైతు

అన్నా, మధ్యలో దూరుతున్నందుకు ఏమనుకోవద్దు. మా చేల మీద అడవి పందులు, అప్పుడప్పుడు ఏనుగులు కూడా. ఈ 303 పాతవి వేలంలో దొరుకుతాయని ఎవరో చెప్పారు. లైసెన్సు వస్తుందా?

గ్రీమ్స్‌పేట_ఆర్మరర్

రాదు నాయనా. 303 సర్వీసు తూటా, మామూలు మనుషులకి నిషిద్ధ బోరు. ఎవడైనా అమ్ముతానంటే వాడి వెంట వెళ్లకు, నువ్వే ఇరుక్కుంటావు. లైసెన్సుతో దొరికేది 315 బోరు స్పోర్టింగ్ రైఫిల్, మన ఆర్డ్‌నెన్స్ ఫ్యాక్టరీదే. దాని బోల్ట్ చూస్తే ఇదే లీ పద్ధతి. దానికి కూడా కలెక్టరాఫీసు చుట్టూ తిరగాలి, ఎలక్షన్ వస్తే స్టేషన్లో డిపాజిట్ చెయ్యాలి. ఏనుగుల మీదికి మాత్రం తుపాకీ ఆలోచనే పెట్టుకోకు. అటవీ శాఖ వాళ్లకి ఫోన్ చెయ్యి. చట్టం సంగతి పక్కన పెట్టినా, గాయపడిన ఏనుగు ఊళ్లోకి వస్తే ఏమవుతుందో నీకు నేను చెప్పక్కర్లేదు.

పద్మావతిపురం_క్యాడెట్

తాతగారూ, ఆఖరి ప్రశ్న. నా రైఫిల్ బోల్ట్ నంబరూ బాడీ నంబరూ కలవలేదు. ప్రమాదమా? ఇంకా బట్టు కొంచెం వదులుగా ఊగుతోంది. మా తమ్ముడి దగ్గర పొడుగు స్క్రూడ్రైవర్ ఉంది, వెనక మూతలోంచి బిగించెయ్యనా?

గ్రీమ్స్‌పేట_ఆర్మరర్

నంబరు కలవకపోయినా పర్లేదు. డీపీకి ఫైరింగ్ పిన్ను ఉండదు, చాంబరుకి రంధ్రం వేసి ఉంటుంది. అది పేలేది లేదు. అయినా మూతి ఎవరి వైపూ పెట్టొద్దు, ఆ అలవాటు డీపీతోనే రావాలి.

బట్టు మాత్రం ముట్టుకోకు! బట్టుని పట్టి ఉంచే పొడుగు మర బోల్ట్ (తూటా తోసే బోల్ట్ కాదు) చివర చదరంగా ఉండి, ముందు చెక్కలో ఉన్న చిన్న ఇనుప పలకలో కూర్చుంటుంది. ముందు చెక్క తియ్యకుండా వెనక నుంచి తిప్పితే, బిగుసుకునేది అటుంచి చెక్కని లోపలి నుంచి చీల్చేస్తుంది. ఇలా చీల్చిన కుర్రాళ్లని చాలామందిని చూశాను. మీ ఏఎన్ఓ (కాలేజీ ఎన్‌సీసీ ఆఫీసరు) గారికి చెప్పు, బెటాలియన్ ఆర్మరర్ వచ్చినప్పుడు చూస్తాడు. అప్పటిదాకా స్టాఫ్‌ని అడిగి వేరే రైఫిల్ మార్చుకో. మార్చుకునేటప్పుడు ఎస్ బట్టు ఉన్నదే తీసుకో.